పెరట్లో ఈత కొలను: గంగాలిన్ తెలుగు కుటుంబాలకు ఉపయోగపడే వివరాలు

డిసెంబరు వచ్చిందంటే కాన్‌బెర్రాలో పిల్లలకి బడి సెలవులు, పెద్దలకి క్రిస్మస్ సెలవులు, బయట ఎండలు. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చేది కూడా ఎక్కువగా ఈ రోజుల్లోనే. ఇక ఇంట్లో పిల్లలు మొదలు పెడతారు: "నాన్నా, మనింట్లో కూడా స్విమ్మింగ్ పూల్ పెట్టుకుందాం!" గంగాలిన్‌లో 2014లో తెరిచిన లీజర్ సెంటర్ ఉంది. అయినా ఇంట్లోనే నీళ్ళుంటే ఆ సరదా వేరు కదా!

భూమిలోకి తవ్వి కట్టే కాంక్రీటు పూల్ ఖర్చు అందరికీ అందుబాటులో ఉండదు. అందుకని చాలామంది నేల మీద నిలబెట్టే పూల్ వైపు చూస్తారు. ఉక్కు రేకు గోడ, దాని లోపల వినైల్ లైనర్, పక్కన పంపు, ఫిల్టరు, ఎక్కి దిగడానికి నిచ్చెన. ఇంతే సరంజామా. ఇద్దరు ముగ్గురు స్నేహితులు సాయం పడితే ఒక వారాంతంలో బిగించుకోవచ్చు. చూడటానికి సులువుగా కనిపించే ఈ పనిలో రెండు విషయాలు మాత్రం బరువైనవి. ఒకటి నీటి బరువు, రెండవది చట్టం. ఈ రెండింటి వెనుకా ఉన్నది పిల్లల ప్రాణాలు. కాబట్టి కొనడానికి ముందు తెలుసుకోవలసిన సంగతులను వరుసగా చూద్దాం.

ముందు చట్టం సంగతి

ఏ.సి.టి.లో ఇంటి ఈత కొలనుల భద్రతకు కొత్త నిబంధనలు 2024 మే 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు పాత పూల్ ఉన్న ఇంటి యజమాని, ఆ పూల్ కట్టిన నాటి నియమాలు పాటిస్తే సరిపోయేది. దాంతో ఊళ్ళో ఒక్కో ఇంటికి ఒక్కో రకం కంచె, కొన్ని పాత ఇళ్ళలో అసలు కంచే లేకపోవడం జరిగింది. కొత్త నిబంధనల ప్రకారం 30 సెంటీమీటర్ల కంటే లోతుగా నీళ్ళు నిలిచే ఏ పూల్‌కైనా, స్పా టబ్బుకైనా నేటి ప్రమాణాలకు తగిన కంచె ఉండాలి. పాత పూల్ ఉన్నవారు మార్చుకోవడానికి 2028 మే 1 వరకు నాలుగేళ్ళ గడువు ఇచ్చారు. కొత్తగా పెట్టేవారికి ఈ గడువు వర్తించదు. మొదటి రోజు నుంచే కంచె ఉండి తీరాలి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది "ఇది విప్పి దాచుకునే పూల్ కదా, గాలి కొట్టే పూల్ కదా, దీనికెందుకు కంచె?" అని. చట్టం చూసేది నీటి లోతునే. పూల్ ఎంత ఖరీదు పెట్టి కొన్నారు, ఎన్నాళ్ళు ఉంచుతారు అన్నది కాదు. షాపులో తక్కువ ధరకు దొరికే గాలి పూల్ అయినా 30 సెంటీమీటర్లు దాటి నిండగలిగితే దానికీ కంచె కావాలి. చిన్నపిల్లలు ఆడుకునే లోతు తక్కువ ప్లాస్టిక్ తొట్టి అయితే, ఆట అయిపోగానే నీళ్ళు పారబోసి బోర్లించి పెట్టండి.

మరో ముఖ్యమైన సంగతి. కాన్‌బెర్రాలో అనుమతులు రెండు రకాలు. ఒకటి డెవలప్‌మెంట్ అప్రూవల్, రెండవది బిల్డింగ్ అప్రూవల్. కొన్ని షరతులకు లోబడి ఇంటి పూల్‌కి మొదటిది అవసరం లేకపోవచ్చు. మొదటిది అక్కర్లేదన్నంత మాత్రాన రెండవది కూడా అక్కర్లేదని అర్థం కాదు. పూల్ కొలత, సరిహద్దు నుంచి దూరం, ఇంటి ముందు భాగమా వెనుక భాగమా అన్నదాన్ని బట్టి ఇవి మారుతాయి. కాబట్టి లైసెన్సు ఉన్న బిల్డింగ్ సర్వేయర్‌ని ముందుగా సంప్రదించి, మీ స్థలం ప్లాను, మీరు కొనబోయే పూల్ కొలతలు చూపించి, ఏ అనుమతులు కావాలో లిఖితపూర్వకంగా తీసుకోండి. షాపు వాళ్ళ మాట, పక్కింటి వాళ్ళ అనుభవం దీనికి ప్రత్యామ్నాయం కావు.

అద్దె ఇంట్లో ఉంటున్నవారు ఇంటి యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా పూల్ పెట్టవద్దు. సొంత ఇల్లయినా మీ ఇంటి బీమా కంపెనీకి తెలియజేయండి. రేపు ఇల్లు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా పూల్ కంచె కాగితాలు అడుగుతారు. అన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి.

ఇతర రాష్ట్రాలలో ఉన్న పాఠకులకు ఒక మాట. న్యూ సౌత్ వేల్స్‌లో 1992 నాటి స్విమ్మింగ్ పూల్స్ చట్టం, విక్టోరియాలో 2019 డిసెంబరు నుంచి అమలైన రిజిస్ట్రేషన్ నియమాలు వేరుగా ఉన్నాయి. అక్కడ పూల్‌ని రిజిస్టరు చేయించాలి. కంచె సూత్రాలు మాత్రం దేశమంతటా దాదాపు ఒక్కటే.

కంచె ఎలా ఉండాలి?

ఆస్ట్రేలియన్ స్టాండర్డ్ 1926.1 అనే ప్రమాణంలో ఈ వివరాలన్నీ ఉన్నాయి. అందులో ఇంటి యజమానికి అవసరమైన ముఖ్యాంశాలు ఇవి:

- కంచె ఎత్తు కనీసం 1.2 మీటర్లు. పక్కింటి సరిహద్దు కంచెనే పూల్ కంచెగా వాడుకుంటే, పూల్ వైపు నుంచి కొలిచినప్పుడు 1.8 మీటర్లు.
- నిలువు ఊచల మధ్య ఖాళీ, కంచె అడుగున నేలకి ఉన్న ఖాళీ 10 సెంటీమీటర్లు మించకూడదు.
- గేటు పూల్ వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి. ఎంత కొద్దిగా తెరిచి వదిలినా దానంతట అదే మూసుకుని, దానంతట అదే గడియ పడాలి.
- గడియ నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉండాలి. కిందుగా ఉంటే పిల్లల చెయ్యి అందకుండా దానికి కవచం ఉండాలి.
- కంచె చుట్టూ 90 సెంటీమీటర్ల మేర పిల్లలు కాలు పెట్టి ఎక్కడానికి వీలైన వస్తువేదీ ఉండకూడదు.
- ఆరుబయట పూల్ అయితే ఇంటి తలుపు తీయగానే నేరుగా పూల్ దగ్గరికి దారి ఉండకూడదు. మధ్యలో కంచె రావాలి.

ఈ జాబితాలో మన ఇళ్ళలో ఎక్కువగా తప్పేది ఐదవ అంశం. మన పెరట్లో ఏముంటాయో ఒకసారి చూడండి. కరివేపాకు కుండీ, తులసి కోట, గోంగూర వేసిన ఎత్తు మడి, బట్టలారేసే స్టాండు, బార్బెక్యూ, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. చలికాలంలో ఇంట్లోకి తెచ్చుకున్న కరివేపాకు కుండీని వసంతంలో ఎండ తగిలే చోటని కంచె పక్కన పెడతాం. మూడేళ్ళ పిల్లవాడికి ఆ కుండీ మెట్టు అవుతుంది. కుర్చీ అయితే వాడే లాక్కుని వస్తాడు. కంచె కట్టిన రోజున సర్టిఫికెట్ వచ్చినా, మర్నాడు మనం పెట్టిన కుండీతో ఆ కంచెకి అర్థం లేకుండా పోతుంది.

మరి నేల మీద నిలబెట్టే పూల్ గోడే 1.2 మీటర్ల ఎత్తు ఉంటుంది కదా, అదే కంచె కాదా? ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. గోడ నున్నగా ఉండి, కాలు పెట్టే చోటు ఎక్కడా లేకపోతే గోడని కంచెగా పరిగణించే వీలు ప్రమాణంలో ఉంది. కానీ నిచ్చెన ఉన్న చోట, దాని చుట్టూ ప్రమాణాలకు తగిన కంచె, గేటు ఉండాల్సిందే. పంపు, ఫిల్టరు గోడకి ఆనించి పెడితే అవే మెట్లవుతాయి. వాటినీ దూరంగా పెట్టాలి. గోడ అడుగున నేల కొంచెం పైకి ఉన్నా ఎత్తు తగ్గిపోతుంది. ఇన్ని లెక్కలు చూసుకునే బదులు మొత్తం పూల్ చుట్టూ విడిగా కంచె కట్టుకోవడమే చాలా ఇళ్ళలో తేలిక. ఏది ఎంచుకున్నా బిల్డింగ్ సర్వేయర్‌కి చెప్పి ఖాయం చేసుకోండి. నిచ్చెన తీసి షెడ్డులో పెడితే చాలదా అంటే చాలదు. తీసి పెట్టడం మరచిపోయే రోజు ఏదో ఒకటి వస్తుంది.

నీళ్ళు నింపాక కంచె కడదాం అనుకోవద్దు. ముందు కంచె, ఆ తర్వాతే నీళ్ళు.

స్థలం ఎంపిక

వాడుకలో ఉన్న 4.5 మీటర్ల వ్యాసం గల గుండ్రని పూల్‌ని ఉదాహరణగా తీసుకుందాం. చుట్టూ ఒక మీటరు దారి వదిలితే 6.5 మీటర్ల చదరం కావాలి. అంటే 42 చదరపు మీటర్లు. టేలర్, మోంక్రీఫ్, కేసీ, త్రాస్బీ వంటి కొత్త సబర్బులలో ఇల్లు పోగా మిగిలే పెరడు తక్కువ. టేపు పట్టుకుని నేల మీద సున్నంతో గీత గీసి చూడండి. అప్పుడు పిల్లలు ఆడుకోవడానికి ఇంకా ఎంత మిగులుతుందో తెలుస్తుంది.

ఇప్పుడు బరువు లెక్క. 4.5 మీటర్ల పూల్‌లో 1.1 మీటర్ల లోతు నీళ్ళుంటే అవి సుమారు 17,500 లీటర్లు. అంటే పదిహేడున్నర టన్నులు! దాదాపు పన్నెండు కార్లు మీ పెరట్లో నిలబెట్టినట్లు. 5.5 మీటర్ల పూల్ అయితే 26,000 లీటర్లు దాటుతుంది. అందుకే ఈ కింది చోట్లు పనికిరావు:

రిటైనింగ్ గోడ పక్కన: గంగాలిన్‌లో వాలు స్థలాలను ఒకవైపు తవ్వి, మరోవైపు మట్టి పోసి చదును చేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. మట్టి పోసిన వైపు నేల ఇంకా కుంగవచ్చు. గోడ పైభాగాన అంత బరువు పెడితే గోడ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఇంజనీరుని అడగకుండా అక్కడ పెట్టకండి.

పైపులు, తీగల మీద: కాన్‌బెర్రా పాత సబర్బులలో కరెంటు స్తంభాలు పెరట్లోనే కనిపిస్తాయి. గంగాలిన్ కొత్త సబర్బులలో కరెంటు భూమి లోపల నుంచి వెళ్తుంది. కంటికి కనబడదు కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 'బిఫోర్ యూ డిగ్ ఆస్ట్రేలియా' అనే ఉచిత సేవ ద్వారా మీ స్థలం కింద ఏయే లైన్లు ఉన్నాయో ప్లాన్లు తెప్పించుకోవచ్చు. 2022కి ముందు దీని పేరు 'డయల్ బిఫోర్ యూ డిగ్'. మురుగునీటి లైను గానీ, ఈజ్‌మెంట్ గానీ ఉంటే ఐకాన్ వాటర్ వారిని అడగాలి.

చెట్ల కింద: ఆకులు పడి ఫిల్టరుకి పని పెరుగుతుంది. వేళ్ళు లైనర్‌ని పైకి నెడతాయి. అంతేకాక 2024 జనవరి నుంచి అమలులో ఉన్న అర్బన్ ఫారెస్ట్ చట్టం ప్రకారం 8 మీటర్ల ఎత్తు దాటిన చెట్టుకి రక్షణ ఉంది. దాని వేళ్ళ దగ్గర తవ్వాలంటే అనుమతి కావాలి.

మంచి చోటు ఏదంటే, వంటింటి కిటికీలో నుంచి గానీ, కూర్చునే గది నుంచి గానీ పూర్తిగా కనిపించే చోటు. మధ్యాహ్నం ఎండ తగలాలి. పడమటి గాలికి కొంత అడ్డు ఉండాలి.

నేల చదును చెయ్యడం: అసలు పని ఇదే

పూల్ బిగించడం ఒక రోజు పని అయితే నేల చదును చెయ్యడం రెండు మూడు రోజుల పని. ఇక్కడ తొందరపడితే తర్వాత బాగు చెయ్యడం కుదరదు. ఎందుకంటే నీళ్ళు ఎప్పుడూ మట్టంగానే ఉంటాయి, గోడే వంగుతుంది. ఒకవైపు నేల 5 సెంటీమీటర్లు దిగువన ఉంటే ఆ వైపు గోడ మీద ఎప్పుడూ ఎక్కువ ఒత్తిడే. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వైపు నిలువు కమ్మీలు వాలిపోతాయి. సాధారణంగా పూల్ మొత్తం మీద 2.5 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది.

ముఖ్య సూత్రం: ఎత్తుగా ఉన్న వైపు తవ్వి తగ్గించండి. పల్లంగా ఉన్న వైపు మట్టి పోసి పెంచకండి. పోసిన మట్టి నీటి బరువుకి దిగిపోతుంది. మన తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు, పొడవాటి బద్ద, రసమట్టం ఉంటే చాలు. కావాలంటే లేజర్ లెవెల్ అద్దెకి దొరుకుతుంది. మధ్యలో ఒక మేకు పాతి, దానికి తాడు కట్టి గుండ్రంగా గీత గీసుకోండి. గడ్డి వేళ్ళతో సహా తీసేయండి. గడ్డి మీదే లైనర్ పరిస్తే అది కుళ్ళి గుంటలు పడుతుంది.

కాన్‌బెర్రా ప్రాంతంలో బంకమట్టి నేల ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. అందువల్ల నిలువు కమ్మీల కింద ఒక్కో కాంక్రీటు పలక నేలకి సమానంగా పాతాలి. లోపల 5 సెంటీమీటర్ల మందాన ఇసుక పరిచి దిమ్మిస చెయ్యాలి. 4.5 మీటర్ల పూల్‌కి ఇది దాదాపు 0.8 ఘనపు మీటర్లు, అంటే టన్ను పైమాటే. ట్రైలర్‌లో ఒక్క దఫాలో తెచ్చే ముందు మీ ట్రైలర్ ఎంత మోయగలదో చూసుకోండి. గోడ అడుగున లోపలివైపు చుట్టూ ఇసుకతో వాలుగా గట్టు కట్టాలి. అది లేకపోతే లైనర్ గోడ కిందికి జారి చిరిగే ప్రమాదం ఉంది. ఇసుక మీద ఫెల్ట్ గుడ్డ పరిస్తే రాళ్ళ మొనలు గుచ్చుకోవు.

వాన నీరు పూల్ అడుగుకి పారకుండా ఎగువన చిన్న కాలువ తియ్యడం మరచిపోకండి. ఇసుక కొట్టుకుపోతే అంతా మళ్ళీ మొదటికే.

బిగించే రోజు

గాలి లేని రోజు చూసుకోండి. నీళ్ళు లేని పూల్ గోడ పొడవాటి రేకు మాత్రమే. మధ్యాహ్నం గాలికి అది ఇట్టే మడిచిపోతుంది. పొద్దున్నే మొదలు పెట్టి, గోడ నిలబెట్టాక పై కమ్మీలు బిగించేదాకా ఆగకండి. కనీసం ముగ్గురు పెద్దవాళ్ళు ఉండాలి. రేకు అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి చేతులకి తొడుగులు వేసుకోండి. లైనర్ కాస్త ఎండలో పరిచి ఉంచితే మెత్తబడి ముడతలు లేకుండా సర్దుకుంటుంది. మొదట 2, 3 సెంటీమీటర్ల నీళ్ళు పట్టి, చెప్పులు లేకుండా లోపల నడుస్తూ ముడతలు అంచులకి నెట్టండి. ఆ తర్వాత పూర్తిగా నింపండి.

నిమిషానికి 20 లీటర్లు ఇచ్చే తోట గొట్టంతో 17,500 లీటర్లు నిండాలంటే దాదాపు పధ్నాలుగున్నర గంటలు. రాత్రంతా వదిలేసి పడుకోకండి. సగం నిండాక గోడ ఎక్కడైనా దిగుతోందేమో కొలిచి చూడండి. అప్పుడే దిద్దుకోవచ్చు. ఐకాన్ వాటర్ నీటి ధర రెండు అంచెలుగా ఉంటుంది. ఎక్కువ వాడిన దానికి ఎక్కువ ధర. ఏ.సి.టి.లో 2010 నుంచి శాశ్వత నీటి పొదుపు నియమాలు కూడా ఉన్నాయి. నింపే ముందు వారి వెబ్‌సైటులో అప్పటి నియమాలు చూసుకోండి.

పంపుకి కరెంటు విషయంలో రాజీ పడకండి. వంటింటి నుంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి, కిటికీలోంచి పెరట్లోకి వెయ్యడం ప్రాణాంతకం. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత, పూల్‌కి నిర్ణయించిన దూరంలో, సేఫ్టీ స్విచ్ ఉన్న బయటి ప్లగ్ పెట్టించుకోండి. 750 వాట్ల పంపు రోజుకి 6 గంటలు తిరిగితే 4.5 యూనిట్లు. 120 రోజుల సీజన్‌కి 540 యూనిట్లు. ఇంటి మీద సోలార్ ప్యానెళ్ళు ఉన్నవారు పంపుని పగటి పూట నడిచేలా టైమరు పెట్టుకుంటే మేలు.

నీళ్ళ ఆరోగ్యం

నీళ్ళు తేటగా ఉన్నాయంటే శుభ్రంగా ఉన్నట్లు కాదు. పరీక్ష చేసే కాగితాలు గానీ కిట్ గానీ కొని, వాడే రోజుల్లో రోజూ చూడాలి. సాధారణంగా పాటించే అంకెలు: క్లోరిన్ లీటరుకి 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.6, ఆల్కలినిటీ 80 నుంచి 120, ఎండకి క్లోరిన్ తరిగిపోకుండా కాపాడే స్టెబిలైజర్ 30 నుంచి 50. స్టెబిలైజర్ వాడినప్పుడు క్లోరిన్ ఎంత ఉంచాలో డబ్బా మీద చూసి దానికి తగ్గట్టు పెంచుకోవాలి.

వీటిలో పీహెచ్‌ని చాలామంది పట్టించుకోరు. స్టెబిలైజర్ లేని నీటిలో పీహెచ్ 7.2 దగ్గర క్లోరిన్‌లో సుమారు మూడింట రెండు వంతులు సూక్ష్మజీవులను చంపగల రూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే అది నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే క్లోరిన్ ఎంత పోసినా పీహెచ్ సరిగా లేకపోతే డబ్బు నీళ్ళపాలే. మన 17,500 లీటర్ల పూల్‌లో క్లోరిన్ ఒక మిల్లీగ్రాము పెంచాలంటే 12.5 శాతం ద్రవ క్లోరిన్ సుమారు 140 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఇంత చిన్న మోతాదుకి బకెట్టు లెక్కన పోసేవాళ్ళూ ఉన్నారు!

రసాయనాల విషయంలో మూడు నియమాలు. యాసిడ్‌నీ క్లోరిన్‌నీ ఎన్నడూ కలపవద్దు, విష వాయువు పుడుతుంది. రెండు రకాల క్లోరిన్ పొడులను ఒకే చెంబుతో తీయవద్దు, మంటలు రావచ్చు. పొడిని నీళ్ళలో వెయ్యాలి గానీ, పొడి మీద నీళ్ళు పొయ్యకూడదు. డబ్బాలు పిల్లలకి అందకుండా, గాలి ఆడే చోట, నీడన తాళం వేసి ఉంచండి.

ఎండాకాలంలో రోజుకి 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైనా మన పూల్‌లో అది 80 లీటర్లు. బుడగల దుప్పటి కప్పితే ఆవిరీ తగ్గుతుంది, నీళ్ళూ వెచ్చగా ఉంటాయి. ఆ దుప్పటి భద్రతకి కాదు. దాని మీద పడిన పిల్లవాడు కిందికి జారి, పైనుంచి కనబడకుండా పోతాడు. ఈతకి ముందు దుప్పటి మొత్తం తీసేయాలి, సగం తీసి ఊరుకోకూడదు.

ఫిల్టరు కడిగిన నీళ్ళను వీధి కాలువలోకి వదలకండి. గంగాలిన్ వాన నీటి కాలువలు యెర్రబి పాండ్, గంగాలిన్ పాండ్ మీదుగా జిన్నిండెర్రా వాగులోకి, అక్కడి నుంచి సరస్సులోకి చేరతాయి. క్లోరిన్ నీళ్ళు అక్కడి చేపలకి హాని. ఆ నీళ్ళు మురుగు లైనులోకే వెళ్ళాలి.

చలికాలంలో పూల్ ఖాళీ చెయ్యకండి. ఖాళీ లైనర్ ముడుచుకుపోతుంది, గోడ గాలికి వాలుతుంది. నీళ్ళు ఉంచి, రసాయనాలు సరిచూసి, పైన కప్పండి. కాన్‌బెర్రా రాత్రులు సున్నా కిందికి వెళ్తాయి కాబట్టి పంపు, గొట్టాలలో నిలిచిన నీళ్ళు తీసెయ్యండి. చలికాలంలో కూడా గేటు మూసే ఉండాలి. ఈత లేనంత మాత్రాన ప్రమాదం లేనట్లు కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది: చూసే కన్ను

ఆస్ట్రేలియాలో అయిదేళ్ళలోపు పిల్లలు మునిగిపోయే చోట్లలో ఇంటి ఈత కొలనులదే ప్రధాన స్థానం. వాళ్ళలో చాలామంది ఈతకి దిగినవాళ్ళు కారు, ఆడుకుంటూ వెళ్ళి పడిపోయినవాళ్ళు. సినిమాల్లో చూపించినట్లు చేతులు ఊపడం, కేకలు వేయడం ఉండదు. చిన్నపిల్లలు నిశ్శబ్దంగా మునిగిపోతారు. ఫోన్‌లో ఒక మెసేజి చదివి తలెత్తేంత సమయం చాలు.

రాయల్ లైఫ్ సేవింగ్ సంస్థ 'కీప్ వాచ్' పేరుతో చెప్పేవి నాలుగు మాటలు: కంటిచూపు తప్పనివ్వకండి, నీళ్ళ దగ్గరికి దారి మూసేయండి, పిల్లలకి నీళ్ళు అలవాటు చేయించండి, ప్రాణం నిలిపే శిక్షణ పొందండి. వీటిని మన ఇళ్ళ పద్ధతికి అన్వయించుకుందాం.

మన ఇళ్ళలో పుట్టినరోజు అంటే ముప్పై, నలభై మంది వస్తారు. మగవాళ్ళు బార్బెక్యూ దగ్గర, ఆడవాళ్ళు వంటింట్లో, పిల్లలంతా పెరట్లో. అందరూ ఉన్నారు కాబట్టి ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అందరూ ఉన్న చోటే ఎవరూ చూడని క్షణం వస్తుంది. కాబట్టి వంతులు వేసుకోండి. ఒక్కొక్కరు 15 నిమిషాలు. ఆ సమయంలో ఫోను లేదు, ప్లేటు లేదు, కబుర్లు లేవు. వంతు మారేటప్పుడు "ఇక నువ్వు చూడు" అని నోటితో చెప్పి, అవతలి వాళ్ళు "సరే, నేను చూస్తున్నాను" అన్నాకే లేవాలి. గేటు రాయి అడ్డు పెట్టి తెరిచి ఉంచడం ఇలాంటి పార్టీలలోనే జరుగుతుంది. ఎంత విసుగైనా అది మాత్రం చెయ్యవద్దు.

ఇండియా నుంచి వచ్చిన తాతయ్య, అమ్మమ్మల సంగతి. పిల్లలని వాళ్ళకి అప్పగించి ఆఫీసుకి వెళ్ళడం మనకి మామూలే. వాళ్ళ ప్రేమకి లోటు లేదు. కానీ ఈత రాని అరవై అయిదేళ్ళ అమ్మమ్మ, చీర కట్టుకుని, 1.2 మీటర్ల గోడ దాటి నీళ్ళలో ఉన్న మనవడిని తియ్యగలదా? అది ఆమె మీద పెట్టదగిన బాధ్యత కాదు. కాబట్టి ఈత వచ్చిన పెద్దవాళ్ళు ఇంట్లో లేనప్పుడు గేటుకి అదనంగా తాళం వేసి, తాళం చెవి మీ దగ్గరే ఉంచుకోండి. అమ్మమ్మ నొచ్చుకుంటుందని మొహమాట పడకండి, కారణం విడమరిచి చెప్పండి. అత్యవసరానికి ఫోను చెయ్యవలసిన నంబరు 000 అని, ఇంటి అడ్రసు ఇంగ్లీషులో ఎలా చెప్పాలో వాళ్ళకి నేర్పి, ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో అంటించండి.

నీళ్ళలో నుంచి తీసిన పిల్లవాడు ఊపిరి తీసుకోకపోతే అంబులెన్సు వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. 30 సార్లు ఛాతీ నొక్కడం, 2 సార్లు ఊపిరి ఊదడం, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం. కాగితం మీద చదివితే రాదు, చేతులతో నేర్చుకోవాలి. ఒక పూట క్లాసుతో వస్తుంది. నలుగురు కుటుంబాల వాళ్ళు కలిసి ఒకే రోజు నేర్చుకుంటే, ఎవరి ఇంట్లో పార్టీ అయినా నేర్చినవాళ్ళు ఉంటారు. భాషా తరగతికి పంపినట్లే పిల్లల్ని ఈత తరగతికీ పంపండి. మనలో చాలామంది పెద్దవాళ్ళకి కూడా ఈత రాదు. చెరువులూ కాలువలూ ఉన్న ఊళ్ళో పుట్టినా, చదువుల ధ్యాసలో నేర్చుకోలేదు. ఇప్పుడు నేర్చుకోవడానికి సిగ్గు పడవలసింది లేదు.

ఆర్డరు ఇచ్చే ముందు ఒకసారి సరిచూసుకోండి

1. బిల్డింగ్ సర్వేయర్ నుంచి అనుమతుల విషయం రాతలో తీసుకున్నారా?
2. స్థలం కింద పైపులు, తీగల ప్లాన్లు తెప్పించారా?
3. పూల్ ధరతో పాటు కంచె, ఎలక్ట్రీషియన్, ఇసుక, నీళ్ళు, సర్టిఫికెట్ ఖర్చులు కలిపి లెక్క వేశారా? ఒక్కొక్కసారి కంచె ఖర్చే పూల్ ఖర్చుని మించుతుంది.
4. ఇంటి బీమా కంపెనీకి చెప్పారా?
5. ఇంట్లో కనీసం ఇద్దరు సీపీఆర్ నేర్చుకున్నారా?
6. కంచె చుట్టూ 90 సెంటీమీటర్ల మేర కుండీలు, కుర్చీలు తీసేశారా?

ఇందులో ఏ ఒక్కదానికి "లేదు" అన్న జవాబు వచ్చినా, ఈ వేసవికి లీజర్ సెంటర్‌కి వెళ్ళి, వచ్చే వేసవికి పూల్ పెట్టుకోవడమే తెలివైన పని. పిల్లలు కాస్త అలుగుతారు, ఐస్‌క్రీముతో సర్దుకుంటారు. అన్నీ "అవును" అయితే నిశ్చింతగా ఆర్డరు ఇవ్వండి. నవంబరులోనే నేల చదును మొదలు పెడితే, సెలవులు వచ్చేసరికి నీళ్ళు సిద్ధంగా ఉంటాయి.